కుడికంటికి తొమ్మిది మూరలు

మునక తర్వాత అరవై ఒకటో ఏడు. గోదారి సముద్రంలో కలిసే తూర్పు మొగ, తెప్పలపేట.
చూపు పుస్తకం. రాసేది మోకా తాతారావు, చూపరి.

ఆషాఢ బహుళ విదియ
పళ్ళెం: దించలేదు. కంటికి కట్టు ఉంది.

నీళ్ళు చూడని రోజున కూడా పుస్తకంలో ఓ ముక్క రాయాలని రూలు. అందుకని ఎడమకంటితో రాస్తున్నాను. అక్షరాలు గీత దిగి పోతుంటే చదివేవాళ్ళు మన్నించాలి.

నిన్న ఆస్పత్రి పడవలో నా కుడికంటి పొర తీశారు. రెండు తెప్పల మధ్య సందు కనపడక నేను నీళ్ళల్లో పడబట్టి ఈ వైద్యం జరిగింది. ఆ సందుకి నా దణ్ణాలు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఎన్నాళ్ళ నుంచి మసకగా ఉంది తాతగారూ?" అని అడిగింది. "ఓ నెల అయ్యుంటదమ్మా" అన్నాను. మా అమ్మాయి ముత్యాలు పక్కనే ఉంది. ఎడమది కూడా తీస్తారట గానీ పడవ మళ్ళీ వచ్చినప్పుడు.

నొప్పి లేదు. చీమ కుట్టినంత కూడా లేదు. ఆ తల్లి చేతులు చల్లగా ఉండాలి.

తదియ
పళ్ళెం: దించలేదు.

కట్టు విప్పారు. ఎవరికని చెప్పను, ఏమని చెప్పను! మడచెట్ల ఆకుల మీద ఉప్పు కనపడుతోంది. ఒక్కో ఆకు మీద వేరువేరుగా, పోసినట్టు. మా తెప్ప తాళ్ళు నీలం రంగువి. ఇన్నాళ్ళూ నల్లవనుకున్నాను.

ముత్యాలు మొహం చూశాను. చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు. నా కూతురికి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయని నాకు తెలుసు గానీ, అవి మొహంలోకి వచ్చాయని తెలియదు.

"ఏంటి నాన్నా, అలా సూత్తన్నావు?"

"నీ మొహం కొత్తగా ఉందే!"

"పాతదే. నీ కన్నే కొత్తది. కన్నీళ్ళు పెట్టకు, మందు కారిపోద్ది."

కారిపోయింది. మళ్ళీ వేసింది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

చవితి
పళ్ళెం: మూడు మూరలు.

పోటు నిలిచిన వేళ పనిలోకి వెళ్ళాను. నా పని పెద్ద విద్య కాదు. తేటయంత్రం ముందు బల్ల మీద కూర్చుని, తెల్ల పళ్ళేన్ని తాడుతో నీళ్ళల్లోకి దించుతాను. తాడుకి మూరకో ముడి. పళ్ళెం కనపడకుండా పోయినచోట ముడి లెక్కపెట్టి రాస్తాను. నేను దించుతున్నంతసేపూ చుట్టుపక్కల వాళ్ళందరూ నీళ్ళకు వీపు తిప్పి నిలబడాలి. ఎవరైనా నోరు జారి అంకె అంటే చూపరి కన్ను దాన్నే చూస్తుందని పెద్దలు పెట్టిన ఆచారం. మా పేటలో పసిపిల్లలు కూడా తిరిగి నిలబడతారు.

తేటయంత్రం ముత్యాలు పెట్టినది. ఏరు మోసుకొచ్చే ఒండ్రుని అరవై రెక్కలతో అడ్డుకుని అడుక్కి దించేస్తుంది. నీళ్ళు తేరితే ఎండ కిందికి దిగుతుంది, నీటి అడుగున మా గడ్డిచేలు పండుతాయి. పళ్ళెం నాలుగు మూరల దాకా కనపడాలని కట్టుబాటు. పక్షం పాటు నేను తక్కువే రాస్తే అమ్మాయి ఇంకో రెక్క దించుతుంది. ఎక్కువ రాస్తే ఒకటి ఎత్తుతుంది. యంత్రానికి సొంత కళ్ళు ఉన్నాయి గానీ వారం తిరక్కుండా వాటికి గుల్లలు పట్టేస్తాయి. దక్షిణ మొగలో ఒకప్పుడు గుల్లపట్టిన కన్నుని నమ్మి యంత్రం పంటంతా ఒండ్రులో పూడ్చేసింది. అప్పటినుంచి మనిషి కన్ను చెప్పిందే చెల్లు. ఐదో తరగతి చదివిన నా మాట మీద నా కూతురు పెట్టిన అంత పెద్ద యంత్రం కదులుతుంది! రోజూ తలుచుకుని పొంగిపోతాను.

ఇక ఈవేళ సంగతి. రెండేళ్ళుగా నేను రాస్తున్నది మూడు, మూడున్నర. ఈవేళ కుడికంటితో చూస్తే పళ్ళెం దిగుతూనే ఉంది, కనపడుతూనే ఉంది. ఐదు, ఏడు, తొమ్మిది. తొమ్మిదో ముడి దగ్గర మాయమైంది. డాక్టరమ్మ నాకు మామూలు కన్ను పెట్టలేదు, గద్దకన్ను పెట్టింది!

ఇంత గొప్ప కంటితో కొలవడం న్యాయం కాదనిపించింది. మనుషులందరికీ ఉండేలాంటి కంటితోనే కొలవాలి కదా. కుడికన్ను మూసి, ఎడమకంటితో చూశాను. మూడు. అదే రాశాను. పక్షం నిండిందని అమ్మాయి ఇంకో రెక్క దించింది. యాభై ఏడోది.

సప్తమి
పళ్ళెం: మూడు.

ఈవేళ మనసు కొంచెం బాగాలేదు. నా మరదలు చోడమ్మ రొయ్యపిల్ల వలలు వేస్తుంది. పొద్దున్నే ఖాళీ బేసిను తెచ్చి మా తెప్ప మీద బోర్లించింది.

"సూడు బావా. నీ కొత్త కంటికైనా కనపడుద్దేమో, ఒక్క పిల్లుంటే సూపించు."

"పండుగప్ప చేపలు పడుతున్నాయిగా బాగా?"

"పడతన్నాయి. పందుల్లాగున్నాయి. నిన్నొకదాన్ని కోత్తే కడుపు నిండా రొయ్యపిల్లలే. మన వల్లో పడాల్సినయ్యన్నీ దాని పొట్టలో పడతన్నాయి. పైనుంచి నీటికాకులు. ఇన్ని కాకుల్ని నా జన్మలో సూళ్ళేదు."

నీటికాకులు గుంపులుగా దిగుతుంటే శుభమనుకున్నాను నేను. మొన్న వాటికి దణ్ణం కూడా పెట్టాను.

"మిగిలినవి ఎక్కడున్నాయి?" అన్నాను.

"మడవేళ్ళ సందుల్లో నక్కినయ్యి. మేతకి కూడా బయటికి రావట్లేదు. సేత్తో తీసి సూశాను, నూలుపోగుల్లా ఉన్నాయి. భయంతో బతికేదానికి ఒంటికేం పడద్ది బావా?"

మా పేట రొయ్యపిల్లల్ని పీపాల్లో పెట్టి మెరక మీది చెరువులకు పంపుతుంది. ఆ చెరువుల వాళ్ళు మాకు బియ్యం పంపుతారు. రెండు పున్నాలు పీపాలు ఖాళీగా వెళ్ళాయి. సాయంత్రం పేట పెద్ద రాఘవమ్మ మా తెప్పకే వచ్చి ముత్యాలుతో చెప్పింది. శ్రావణ పున్నానికి కూడా పిల్ల పడకపోతే పేట విప్పేస్తారు. నలభై తెప్పలూ నాలుగు మొగలకు పంచేస్తారు. యంత్రం పెట్టిన మనిషిని మళ్ళీ ఏ యంత్రం దగ్గరికీ రానివ్వరు.

"నీ మీద కోపం కాదే ముత్యాలు," అంది రాఘవమ్మ. "కూడు మాట."

ముత్యాలు రాత్రి అన్నం తినలేదు. నీళ్ళల్లో ఉప్పు చూసింది, విషం చూసింది, తెగులు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయట. "నీళ్ళు కూడా మసగ్గానే ఉన్నాయి కదా నాన్నా, నువ్వు మూడేగా రాత్తన్నావు? మసకలో పండుగప్పకి ఇన్ని పిల్లలు ఎలా కనపడతన్నాయి?" అంది.

తల నిమిరాను. ఇలాంటప్పుడు పక్కన ఉన్నందుకైనా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

దశమి
పళ్ళెం: రాయను. కింద చదవండి.

పొద్దున చోడమ్మ యంత్రం బల్ల దగ్గరికి వచ్చింది, వలకి ఓ తాడు అడుగుదామని. నేను ఇంకా పళ్ళెం దించలేదు గనక వీపు తిప్పక్కర్లేదు. నీళ్ళల్లోకి చూసి ఒక్కసారిగా తిట్టింది.

"అదుగో దొంగముండ! లంగరు గొలుసు పక్కన సూడు. ఎంత పెద్ద పండుగప్పో! తోక ఆడిత్తా ఎలా కాసుక్కూసుందో."

చూశాను. కుడికంటికి కనపడింది. లంగరు గొలుసుకి ఎనిమిది మూరల దగ్గర ఎర్ర పట్టీ ఉంటుంది. చేప ఆ పట్టీ కింద ఉంది.

"నీకు కనపడుతోందా?" అన్నాను.

"కనపడకపోడానికి నాకేమన్నా గుడ్డా?"

"పట్టీ కిందున్నదే?"

"పట్టీ కిందున్నదే బావా! నీళ్ళు అద్దంలాగుంటేనూ. నాలుగు నెల్ల నించీ ఇంతేగా. నా తెప్ప కింద నే పారేసుకున్న గరిట రోజూ కనపడతంది. తీసుకోడానికి వీలుకానంత లోతులో."

చోడమ్మకు ఎవరూ గద్దకన్ను పెట్టలేదు.

ఆమె వెళ్ళాక బల్ల మీద కూర్చుండిపోయాను. కుడికన్ను మూశాను, ఎడమకన్ను మూశాను. పళ్ళెం దించాను, ఎత్తాను. అదే నీళ్ళు, అదే నిమిషం. ఒక కంటికి మూడు, ఒక కంటికి తొమ్మిది. నాకిచ్చింది గద్దకన్ను కాదు. మనిషి కన్నే.

అంటే రెండేళ్ళుగా నేను కొలిచింది ఏటి మసక కాదు, నా కంటి మసక. నీళ్ళు తేరినా నాకు తేరలేదు. నేను మూడని రాశాను, అమ్మాయి రెక్క దించింది. ఇంకా తేరాయి. ఇంకా మూడనే రాశాను. రొయ్యపిల్లలు దాక్కునే తెరని నేనే ఒక్కో రోజూ ఒక్కో అంకెతో తీసేశాను.

ఇంకొకటి కూడా ఇక్కడే రాయాలి. డాక్టరమ్మకు నెల అని చెప్పాను. నెల కాదు. అన్నంలో రాళ్ళు కనపడక రెండేళ్ళయింది. మొదట్లో నిజంగానే నీళ్ళు చెడ్డాయనుకున్నాను. తర్వాత్తర్వాత అనుమానం రాకపోలేదు. చెబితే చూపరి పని తీసేస్తారు. పొద్దున్నే కూతురు యంత్రం నడుపుతుంటే దాని ముందు కూర్చునే అదృష్టం పోతుంది. అందుకని అనుమానాన్ని నొక్కేశాను.

ఏకాదశి
పళ్ళెం: తొమ్మిది. కుడికంటితో.

చెప్పేశాను. రాత్రంతా మాటలు కూర్చుకుంటే, పొద్దున నోటికి వచ్చింది ఒకటే. "అమ్మా, నీ యంత్రం తప్పు కాదు. నా కన్ను."

పుస్తకం తీసుకుంది. రెండేళ్ళ కాగితాలు వెనక్కి తిప్పింది. మూడు, మూడు, మూడున్నర, మూడు.

"నాన్నా, నా కంటికి తేటగా తోచినా నీ అంకెనే నమ్మి రెక్క మీద రెక్క దించాను."

"అవునమ్మా."

"విషమేమోనని మూడ్రాత్రులు నిద్ర మానేశాను."

"అవునమ్మా."

"ఎందుకు చెప్పలేదు?"

"చూపరి పని పోతే నీ పక్కన కూర్చోడానికి ఉండదని."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చివరికి ముక్కు తుడుచుకుని, "పని పోతే నా పక్కన సోటు పోద్దా? ఏం మనిషివి నాన్నా నువ్వు?" అంది.

అని లేచి, ఏడుస్తూనే, లెక్క మొదలుపెట్టింది. అదీ నా కూతురు! "పండుగప్ప కంటితో వేటాడుద్ది. నీళ్ళు తేటగా ఉంటే ఎనిమిది మూరల నుంచి గురి చూసుద్ది. మసకలో అయితే మూతి దగ్గరికి వచ్చేదాకా పిల్ల కనపడదు, ఈలోపు పిల్ల జారిపోద్ది. మసకుందన్న ధైర్యం ఉంటేనే పిల్ల బయటికొచ్చి మేసుద్ది. మనం దుప్పటి లాగేశాం నాన్నా."

"మళ్ళీ కప్పేద్దాం తల్లీ."

"మరీ కప్పితే మొప్పల్లో ఒండ్రు పడి పిల్లే సచ్చిపోద్ది. అప్పుడు జెల్లచేపలు కూడా వత్తాయి. వాటికి కళ్ళెందుకు, మీసాలు సాలు, సీకట్లో తడిమి తింటాయి. ఒకటిన్నర, రెండు మూరలు ఉండాలి. గడ్డి సగం పోద్ది."

తిట్టకుండా 'మనం' అంది. ఆ ఒక్క మాటకి ఎన్ని జన్మలైనా ఎత్తొచ్చు.

ద్వాదశి
పళ్ళెం: తొమ్మిది.

సభలో నేనే లేచి చెప్పాను. ముత్యాలు చెప్తానంది, ఒప్పుకోలేదు. నలభై తెప్పల వాళ్ళూ విన్నారు. చోడమ్మ మొదట అందుకుంది.

"ఆయ్! అన్నంలో రాయి కనపడనోడికి నీళ్ళల్లో పళ్ళెం కనపడిందా బావా? మా అందరిచేతా వీపులు తిప్పించి మరీ కొలిచావే!"

కొందరు నవ్వారు. చాలామంది నవ్వలేదు. రాఘవమ్మ అసలు నవ్వలేదు.

"తాతారావూ, నీ కంట్లో పొర. మా వలలో సున్నా. యంత్రం కంటికి గుల్లలు పడతాయని మనిషిని పెట్టుకున్నాం. మనిషికి గుల్లలు పడితే ఎవర్ని పెట్టుకోవాలి?"

"ఇద్దర్ని పెట్టుకోవాలి పెద్దక్కా," అన్నాను. "ఇద్దరూ వేరువేరుగా చూసి రాయాలి. అంకెలు కలవకపోతే ఇద్దరి కళ్ళూ చూపించాలి. నేను మాత్రం వద్దు."

సరేనంది రాఘవమ్మ. గడువు మాత్రం కదలలేదు. శ్రావణ పున్నం పోటుకి పిల్ల పడాలి, లేకపోతే పేట విప్పాలి. చూపరి పని నాకు ఈ పున్నం దాకానే. తర్వాత చోడమ్మా, ఇంకొకరూ. తిట్టినవాళ్ళందరికీ నా దణ్ణాలు. రెండేళ్ళ బరువు దింపారు.

సభ కాగానే ముత్యాలు రెక్కలెత్తడం మొదలుపెట్టింది. ఒకేసారి ఎత్తితే అడుగు ఒండ్రు లేచి అందరినీ ముంచుతుందట. రోజుకి మూడు.

అమావాస్య
పళ్ళెం: ఎనిమిది.

పోటు వచ్చింది, వెళ్ళింది. పిల్ల పడలేదు. తొమ్మిది రెక్కలెత్తినా నీళ్ళింకా తేటగానే ఉన్నాయి. పైన వానల్లేవట. ఏట్లో ఒండ్రే లేదు.

నీటికాకులు మా తెప్ప అంచు మీద రెక్కలారబెట్టుకుంటున్నాయి. ఈసారి దణ్ణం పెట్టలేదు. తెడ్డు పట్టుకుని లేచాను.

శ్రావణ శుద్ధ చవితి
పళ్ళెం: ఆరు.

చోడమ్మ నా పక్కన కూర్చుని పని నేర్చుకుంటోంది. నేను దించితే ఆమె వీపు తిప్పుతుంది, ఆమె దించితే నేను. ఇద్దరికీ ఆరే.

"బావా, నీతో కలిసి ఒక మాట మీద ఉండటం ఇదే మొదటిసారి," అంది.

ముత్యాలు యంత్రం మీదే పడుకుంటోంది. అన్నం నేనే తీసుకెళ్తున్నాను, రాళ్ళేరి మరీ.

అష్టమి
పళ్ళెం: నాలుగు. సాయంత్రానికి రెండు.

ఎర్రనీరు! ఎర్రనీరు వచ్చేసింది! పైన ఎక్కడో కొండల్లో వాన పడింది. మధ్యాహ్నం గోదారి రంగు మారింది. ముందు చారలుగా, తర్వాత ఇటుకపొడి కలిపినట్టు. ఎత్తిన రెక్కల సందుల్లోంచి మొగలోకి దూసుకొచ్చింది. మన్నుని చూసి ఇంత ఆనందపడిన ముసలాడు ఈ ఏడు మొగల్లోనూ ఉండడు. బల్ల మీద నిలబడి చప్పట్లు కొట్టాను. ముత్యాలు కిందినుంచి, "కూర్చో నాన్నా, మళ్ళీ సందులో పడతావు!" అని కేకేసింది.

పైకొండల్లో ఆ వాన పడినచోట ఎవరున్నారో, వాళ్ళ ఇళ్ళు చల్లగా ఉండాలి.

ద్వాదశి
పళ్ళెం: ఒకటి. మరీ తగ్గింది.

ముత్యాలు పన్నెండు రెక్కలు మళ్ళీ దించింది. జెల్లలు వచ్చాయి. చోడమ్మ గాలానికి నాలుగు పడ్డాయి, నలుగురింట్లో పులుసు. నీటికాకులు చాలావరకు లేచిపోయాయి. గడ్డిచేలు పైనుంచి కనపడటం లేదు. వాటిని పండించేవాళ్ళు నాతో మాట్లాడటం లేదు, వాళ్ళ కోపం న్యాయమే.

మడవేళ్ళ దగ్గరికి చిన్న పడవ వేసుకుని వెళ్ళాను. నీళ్ళల్లో చెయ్యి పెట్టి కదలకుండా ఉంచాను. ఏమీ కనపడలేదు. కాసేపటికి వేళ్ళకి సన్నగా ఏదో తగిలింది, మళ్ళీ తగిలింది. మేతకి బయటికి వచ్చాయేమో. నాచుపోగులు కూడా కావచ్చు. ఎవరికీ చెప్పలేదు. ఆశపెట్టి చంపడం తప్పు.

పున్నం
పళ్ళెం: ఒకటిన్నర. చోడమ్మకు ఒకటిన్నర.

పొద్దున తొమ్మిదింటికి పోటు నిండింది. నలభై తెప్పల వాళ్ళూ వలల దగ్గరే ఉన్నారు. చోడమ్మ మొదటి వల ఎత్తింది. బురదనీళ్ళు కారిపోయాయి. సంచి అడుగు తెల్ల బేసినులో దులిపింది. చూస్తే నీళ్ళే.

"లేదు," అంది రాఘవమ్మ మెల్లగా.

నేను వంగాను. రొయ్యపిల్ల ఒళ్ళు గాజు. నీళ్ళల్లో నీళ్ళలా ఉంటుంది. దాన్ని పట్టిచ్చేవి కళ్ళే, ఆవగింజలో సగం ఉండే రెండు నల్ల చుక్కలు. బేసిను మీద నీడపడేలా చెయ్యి అడ్డం పెట్టాను. చుక్కలు కనపడ్డాయి. ఒకటి కాదు, పది కాదు. బేసిను నిండా కళ్ళే! ఇన్ని వేల కళ్ళు, ఒక్కదానికీ పొర లేదు.

"పిల్లే! పెద్దక్కా, పిల్లే! అన్నీ కళ్ళే!"

చోడమ్మ తలపెట్టి చూసి, "ఓరి నీ కళ్ళు సల్లగుండా," అని నన్నే తిట్టి, నన్నే కౌగిలించుకుని, రెండో వలకి పరిగెత్తింది. రెండో వల, మూడో వల. పదకొండు బేసిన్లు. రాఘవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పీపాలు కడగండర్రా, బొమ్మల్లా నిలబడతారేం!" అని అరిచింది. పేట విప్పడం గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

ముత్యాలు యంత్రం మీదనుంచి దిగివచ్చింది. జుట్టంతా ఒండ్రు. నా పక్కన కూలబడి మొదటి బేసిను ముందుకు లాక్కుంది. పీపాకి ఎన్ని పోయాలో తెలియాలంటే ఒక గరిటె పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి, మిగతావి ఆ లెక్కన గరిటెలతో కొలవాలి. గరిటె నా చేతికిచ్చింది.

"నీకు కన్ను బాగుందిగా. లెక్కపెట్టు. తప్పితే మాత్రం సెప్పు నాన్నా."

ముప్పై ఏళ్ళ క్రితం తెప్ప బడిలో అమ్మాయి అంకెలు రాక ఏడుస్తుంటే ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుని గులకరాళ్ళు లెక్కపెట్టించాను. ఇప్పుడు ఆవిడ నా గురువు. మొదలుపెట్టాను. నూట అరవై దాకా బాగానే వచ్చింది. అక్కడ ఒకటి గెంతి ఇంకో నాలుగింటిలో కలిసిపోయింది. ఏది లెక్కపెట్టానో, ఏది పెట్టలేదో తెలియలేదు. నూట అరవై ఐదని వేసేసి ముందుకు పోవచ్చు. చూసేవాళ్ళు లేరు. ముత్యాలు అటు తిరిగి పీపా మూత బిగిస్తోంది.

"అమ్మాయ్, తప్పాను," అన్నాను.

"సరే. మళ్ళీ మొదట్నించి," అంది, తిరిగి చూడకుండానే.

మళ్ళీ మొదలుపెట్టాను. ఒకటి.